కన్సోల్ సంస్థలకు, గేమ్ పబ్లిషర్లకు మధ్య అసలు పేచీ ఎక్కడ?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుని మొదలుపెడతాను. కూకట్‌పల్లిలో నలుగురు మిత్రులు కలిసి ఒక గేమ్ తయారుచేశారు. కంప్యూటర్‌లో ఆడే వెర్షన్ దాదాపు సిద్ధమైంది. యూరప్‌కు చెందిన ఒక పబ్లిషర్, అంటే గేమ్‌ను విడుదల చేసి అమ్మిపెట్టే సంస్థ, దాన్ని ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి కన్సోళ్ల (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాల) మీద విడుదల చేస్తామంటున్నారు. మొదటి ఏడాది మాత్రం ఒకే కన్సోల్ మీద ఉండాలని షరతు పెట్టారు. మీ సందేహాలు రెండు. గేమ్ తయారీలో ఏ పాత్రా లేని కన్సోల్ సంస్థ ప్రతి అమ్మకంలో 30 శాతం ఎలా తీసుకుంటుంది, కోట్ల డాలర్ల పబ్లిషర్లు దాన్ని చూస్తూ ఎందుకు ఊరుకుంటున్నారు? ఇది ఒకటి. ఆ షరతుకు ఒప్పుకోవాలా వద్దా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు: ఊరుకోవడం లేదు. నలభై ఏళ్లకు పైగా కొట్టుకుంటూనే ఉన్నారు. అయితే గొడవ జరిగేది ఆ 30 దగ్గర కాదు. ఆటగాడి ఇంటి తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర. ఈ ఒక్క సంగతి అర్థమైతే మీ రెండో ప్రశ్న సగం తేలిపోతుంది.

నేను ఈ పనిలోకి వచ్చి పద్దెనిమిదేళ్లు దాటింది. హైదరాబాద్‌లో టెస్టర్‌గా మొదలుపెట్టాను. తర్వాత ఇతరుల గేములను కన్సోళ్లకు మార్చే పని చేశాను. ఇప్పుడు ఎక్కువగా చేసేది ఒప్పందాలు చదవడం.

ముందు డబ్బు లెక్క. మన ఊళ్లో గ్రాస్‌కూ షేర్‌కూ తేడా తెలియని మనిషి దొరకడు. కొత్త సినిమా వచ్చిన సోమవారానికి ఆటోలో కూడా ఆ లెక్కలే వినిపిస్తాయి. గేముల్లోనూ అంతే. మీ గేమ్ ధర పన్నుతో కలిపి 1,180 రూపాయలు అనుకోండి. 18 శాతం జీఎస్టీ 180 పోతే మిగిలేది 1,000. అందులో 300 కన్సోల్ స్టోర్‌ది. 700 పబ్లిషర్‌కు వెళ్తుంది. ఆ 700లో మీకు ముందుగా ఇచ్చిన కనీస మొత్తాన్ని (మినిమం గ్యారంటీ), కన్సోల్‌కు మార్చడానికి, పరీక్షలకు, అనువాదాలకు, ప్రకటనలకు అయిన ఖర్చును పబ్లిషర్ ముందు రాబట్టుకుంటాడు. అదంతా తీరాకే మీ వాటా మొదలవుతుంది. అంటే మీరు కోపం తెచ్చుకోవలసింది 300 మీద కాదు, 700 లోపల జరిగే మినహాయింపుల మీద. దానికి చివర్లో వస్తాను.

ఇక ఆ 300 ఎందుకు? సాధారణంగా చెప్పే సమాధానం, కన్సోల్‌ను నష్టానికి అమ్ముతారు కాబట్టి అని. ఇందులో అబద్ధం లేదు. 2021లో ఫోర్ట్‌నైట్ గేమ్ తయారుచేసిన ఎపిక్‌కు, ఆపిల్‌కు మధ్య కేసు నడుస్తున్నప్పుడు మైక్రోసాఫ్ట్ తరఫున లోరీ రైట్ సాక్ష్యం చెబుతూ, ఎక్స్‌బాక్స్ యంత్రాల అమ్మకం మీద సంస్థ ఎన్నడూ లాభం చూడలేదన్నారు. మల్టీప్లెక్స్‌వాళ్లు టికెట్ మీద కన్నా పాప్‌కార్న్ మీద బతికినట్లు, కన్సోల్ సంస్థలు యంత్రం మీద కన్నా ప్రతి గేమ్ మీద వచ్చే వాటాతో బతుకుతాయి. అయితే కథ ఇక్కడితో అయిపోదు. నష్టాన్ని భర్తీ చేసుకోవడానికే అయితే, నష్టం తీరిన తర్వాత వాటా తగ్గాలి కదా? తగ్గదు. ఎందుకంటే అది తయారీ ఖర్చును బట్టి పెట్టిన ధర కాదు, గేటు దగ్గర వసూలు చేసే సుంకం.

ఈ గేటు మొదట్లో లేదు. అటారీ తన 2600 యంత్రాన్ని అమ్ముతున్న రోజుల్లో, దానికి గేములు కూడా అటారీయే రాసేది. రాసిన ప్రోగ్రామర్ల పేరు పెట్టె మీద వేసేవారు కాదు, అమ్మకాల్లో వాటా ఇచ్చేవారు కాదు. విసిగిపోయిన నలుగురు బయటకు వచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టారు. తాము యంత్రం తయారుచేయకుండా, వేరొకరి యంత్రానికి గేములు అమ్మే సంస్థ అదే మొదటిది. అటారీ కోర్టుకు వెళ్లింది. 1982లో రాజీ కుదిరింది, యాక్టివిజన్ రాయల్టీ కట్టడానికి ఒప్పుకుంది. ఇప్పుడు మనం కడుతున్న సుంకానికి మూలం ఆ గొడవలోనే ఉంది. ఆ తర్వాత ఎవరు పడితే వారు చెత్త గేములు కుమ్మరించారు, 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది. ఆ శవం పక్కనే నిలబడి పాఠం నేర్చుకున్నది నింటెండో.

ఇక్కడ చిన్న పిట్టకథ. తొంభైలలో పెరిగినవారికి టీవీకి తగిలించి ఆడిన కాసెట్ గేమ్ గుర్తుండే ఉంటుంది. కాసెట్ మీద 9999999 ఆటలని రాసి ఉండేది. పెట్టి చూస్తే ఓ పాతిక ఆటలే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. పట్టకపోతే కాసెట్ తీసి, కింద ఊది, మళ్లీ నొక్కేవాళ్లం. మా ఇంట్లో ఊదే హక్కు అన్నయ్యది, చూసే హక్కు నాది. ఆ యంత్రాలు నింటెండో జపాన్‌లో 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్లు. ఆ జపాన్ యంత్రంలో తాళం చిప్పు లేదు. కాబట్టే నకళ్లు అంత సులువుగా తయారై కోఠీ దాకా వచ్చి చేరాయి.

అమెరికాకు పంపిన యంత్రంలో నింటెండో ఆ లోటు ఉంచలేదు. 10ఎన్ఈఎస్ అనే చిప్పు యంత్రంలో ఒకటి, కాసెట్‌లో ఒకటి పెట్టింది. రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడితేనే ఆట నడుస్తుంది. లేకపోతే యంత్రం సెకనుకోసారి రీసెట్ అవుతూ తెర మెరుస్తుంది. కాసెట్‌లోని చిప్పు నింటెండో దగ్గర తప్ప దొరకదు. ఇక షరతులు చూడండి. ఒక పబ్లిషర్ ఏడాదికి ఐదు గేములకు మించి వేయకూడదు. ఆ గేమ్‌ను రెండేళ్లపాటు మరే కన్సోల్‌కూ ఇవ్వకూడదు. కాసెట్లు నింటెండో ద్వారానే తయారుచేయించాలి, డబ్బు ముందే కట్టాలి. అమ్ముడుపోకపోతే నష్టం పబ్లిషర్‌దే. ప్రింట్లన్నీ థియేటర్ యజమాని ల్యాబ్‌లోనే వేయించు, డబ్బు ముందే ఇవ్వు, జనం రాకపోతే రీళ్లు ఇంటికి తీసుకుపో అన్నట్లు.

పబ్లిషర్లు రకరకాలుగా స్పందించారు. కొనామీ అమెరికాలో అల్ట్రా గేమ్స్ అని మరో పేరు పెట్టి అదనంగా మరో ఐదు గేములు వేసుకుంది, ఒకే ఇంట్లో రెండు రేషన్ కార్డులు తీసుకున్నట్లు. అటారీ గేమ్స్ తన టెంగెన్ పేరుతో నేరుగా తాళమే పగలగొట్టింది. అయితే అది పగలగొట్టిన తీరు బాగోలేదు. కోర్టు కేసు ఉందని అబద్ధం చెప్పి అమెరికా కాపీరైట్ కార్యాలయం నుంచి ఆ చిప్పు ప్రోగ్రామ్ నకలు సంపాదించింది. 1992లో అప్పీలు కోర్టు దగ్గర ఆ అబద్ధమే మెడకు చుట్టుకుంది.

అదే పనిని తెలివిగా చేసినది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) అనే పబ్లిషర్. ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు, కొంచెం ఓపిక పట్టండి. సెగా తన జెనెసిస్ యంత్రాన్ని తెచ్చినప్పుడు అదీ నింటెండో తరహా షరతులే పెట్టింది. ఈఏ వ్యవస్థాపకుడు ట్రిప్ హాకిన్స్ మనుషులు ఆ యంత్రాన్ని కొని, విప్పి, అది ఎలా పనిచేస్తుందో సొంతంగా కనిపెట్టారు. విప్పి చూసినవాళ్లు ఒక బృందం, వాళ్లు రాసిన వివరణ పట్టుకుని గేములు తయారుచేసినవాళ్లు మరో బృందం. ఒకరి పని మరొకరికి అంటకుండా గోడ కట్టారు. రేపు కోర్టుకు వెళ్తే దొంగతనమని ఎవరూ అనకూడదు కదా. ఆ తర్వాత 1990లో సెగా ముందు కూర్చున్నారు. మా దగ్గర గేములు సిద్ధంగా ఉన్నాయి, మీ లైసెన్స్ లేకపోయినా అమ్మగలం, మాకు తెలిసిన రహస్యాన్ని మిగతా పబ్లిషర్లకు కూడా నేర్పగలం. ఇక మీ ఇష్టం. సెగా దిగివచ్చింది, మిగతావారికన్నా చాలా తక్కువ రాయల్టీకి ఒప్పుకుంది. గమనించండి, ఈఏ తాళం పగలగొట్టలేదు. పగలగొట్టగలనని చూపించింది, అంతే. ఆ రోజున సెగాకు అమెరికాలో నింటెండోను ఎదుర్కోవడానికి క్రీడల గేములు కావాలి, ఈఏకు నింటెండో కాక మరో దారి కావాలి. ఎవరి అవసరం ఎంతో ఇద్దరికీ తెలుసు.

ఈ వ్యాపారంలో బలం ఇలాగే చేతులు మారుతూ ఉంటుంది. యంత్రం కొత్తగా వచ్చినప్పుడు కన్సోల్ సంస్థ పబ్లిషర్ల గడప తొక్కుతుంది. పది కోట్ల ఇళ్లలో యంత్రం చేరాక పబ్లిషర్లే గడప తొక్కుతారు. సోనీ మొదటి ప్లేస్టేషన్‌తో వచ్చినప్పుడు డిస్కు తయారీ చవక, గిరాకీ వస్తే కొద్దిరోజుల్లో మళ్లీ వేయించుకోవచ్చు. నింటెండో 64 కాసెట్లు ఖరీదు, పైగా చోటు తక్కువ. ఆరు ఫైనల్ ఫాంటసీ గేములను నింటెండోకు ఇచ్చిన స్క్వేర్ ఏడో భాగాన్ని మూడు డిస్కుల్లో సర్ది 1997లో ప్లేస్టేషన్‌కు ఇచ్చింది. ఊరి థియేటర్‌కు తాళం పడినట్లే, ఒక్క పబ్లిషర్ వెళ్లిపోవడంతో నింటెండో వీధి కళ తప్పింది.

సెగాకు ఇంకా ఘోరం జరిగింది. డ్రీమ్‌కాస్ట్ 1999 సెప్టెంబర్‌లో అమెరికాకు వచ్చింది, యంత్రం నిజంగా బాగుండేది. ఒకప్పుడు తనతో రాజీ కుదుర్చుకున్న ఈఏ మాత్రం దానికి ఒక్క గేమూ ఇవ్వలేదు. సెగా సొంతంగా క్రీడల గేములు తయారుచేసుకుంది, అవి బాగానే ఉన్నాయి కూడా. 2001 మార్చికల్లా సెగా కన్సోళ్ల తయారీయే మానేసింది. ఈఏ ఒక్కటే కారణమనను, ప్లేస్టేషన్ 2 భయం ఉంది, సెగా పాత తప్పులున్నాయి. కానీ ఫుట్‌బాల్ గేమ్ కోసం యంత్రం కొనే అమెరికన్‌కు ఏ పెట్టె చేతికిచ్చారో ఆలోచించండి.

2009లో ఇదే పాట మరో గొంతులో వినిపించింది. ప్లేస్టేషన్ 3 మొదట 499, 599 డాలర్లకు వచ్చింది. మూడేళ్లు కావస్తున్నా ధర ఎక్కువగానే ఉంది. యాక్టివిజన్ అధిపతి బాబీ కోటిక్ ఒక బ్రిటిష్ పత్రికతో మాట్లాడుతూ, ధర తగ్గించకపోతే సోనీకి గేములు ఇవ్వడం మానుకోవలసి రావచ్చని బహిరంగంగానే అన్నారు. అది జూన్. ఆగస్టులో సోనీ సన్నని కొత్త యంత్రాన్ని 299 డాలర్లకు ప్రకటించింది. కోటిక్ బెదిరింపుకు లొంగి తగ్గించారని నేను చెప్పను, కొత్త యంత్రం పనులు అంతకుముందే జరుగుతుండాలి. అయినా, ఒక సరుకుదారు దుకాణదారుకు నీ అద్దాల బీరువా ధర తగ్గించమని పేపర్లో చెప్పడం మీరు ఇంకెక్కడైనా చూశారా?

మన సినిమావాళ్ల గొడవ గుర్తున్నవారికి ఇదంతా కొత్తేమీ కాదు. 2018 మార్చిలో డిజిటల్ ప్రొజెక్షన్ సంస్థలు వసూలుచేసే రుసుముల మీద తగాదా వచ్చి రెండు తెలుగు రాష్ట్రాల్లో థియేటర్లు మూతపడ్డాయి. 2025 మేలో మళ్లీ, అద్దె పద్ధతి వద్దు, వసూళ్లలో శాతం ఇవ్వండి అంటూ ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి మూసేస్తామన్నారు, తర్వాత వెనక్కి తగ్గారు. తేడా ఒకటే. నిర్మాతకు ఒక థియేటర్ కాకపోతే మరొకటి ఉంటుంది. ప్లేస్టేషన్ ఉన్న ఇంటికి వెళ్లడానికి మాత్రం ఒక్కటే తలుపు.

పాత డిస్కుల గొడవను ఒక్క ముక్కలో తేల్చేస్తాను. ఒక డిస్కు నాలుగు చేతులు మారితే పబ్లిషర్‌కు వచ్చేది మొదటి అమ్మకం డబ్బే. 2013లో మైక్రోసాఫ్ట్ పబ్లిషర్లకు నచ్చే విధంగా డిస్కుల చేతిమార్పిడికి కళ్లెం వేయబోయింది, జనం తిట్టిన తిట్లకు కొద్ది వారాల్లోనే వెనక్కి తీసుకుంది. ఇప్పుడు డౌన్‌లోడ్లు వచ్చాయి, వాటికి చేతిమార్పిడే లేదు. పబ్లిషర్ల కోరిక తీరింది. కానీ డిస్కు అమ్మే దుకాణాలు తగ్గేకొద్దీ కన్సోల్ స్టోరే ప్రధాన దుకాణంగా మారింది. తమ గోతిని తామే పూడ్చుకుంటున్నామనుకుని లోతు చేసుకున్నారు.

ఇక అసలు గొడవకు వద్దాం: ఆటగాడు ఎవరి మనిషి? 2014లో ఈఏ నెలవారీ చందాతో తన గేములు ఆడుకునే పథకం పెట్టింది. మైక్రోసాఫ్ట్ రమ్మంది. సోనీ మా ఆటగాళ్లకు ఇది గిట్టుబాటు కాదని తిప్పికొట్టింది, ప్లేస్టేషన్‌లో దానికి చోటు దొరికేసరికి 2019 అయింది. ఆటగాళ్ల మీద ప్రేమ అంటే నేను నమ్మను. చందా ఎవరికి కడితే వారితోనే బంధుత్వం ఏర్పడుతుంది, ఆ బంధుత్వం ఈఏతో కావడం సోనీకి ఇష్టం లేదు.

2018 జూన్‌లో ఫోర్ట్‌నైట్ గేమ్ నింటెండో స్విచ్ మీదకు వచ్చిన రోజు మా అపార్ట్‌మెంట్‌లో ఒక పిల్లవాడు నా దగ్గరకు వచ్చాడు. అంకుల్, నా అకౌంట్ పనిచేయడం లేదు, ఫోన్లో, కంప్యూటర్లో వస్తోంది, దీంట్లోనే రావడం లేదు అన్నాడు. వాడి కొత్త స్విచ్ పాడవలేదు. ఒక్కసారి ప్లేస్టేషన్‌కు జోడించిన అకౌంట్‌ను స్విచ్‌లో వాడనివ్వకుండా సోనీ కట్టేసింది. వాడు డబ్బు పెట్టి కొన్న వేషాలు, గెలిచిన బహుమతులు అన్నీ అందులోనే. ప్రపంచమంతా గోల చేశాక ఆ సెప్టెంబర్‌లో సోనీ గేటు తీసింది. గేటు తీయడానికి ధర ఉందని మాత్రం 2021లో ఎపిక్, ఆపిల్ కేసు పత్రాలు బయటపడే వరకు మనకు తెలియదు. ఆటగాడు ఎక్కువసేపు ప్లేస్టేషన్ మీద ఆడి, డబ్బు మాత్రం వేరే చోట ఖర్చుపెడితే, ఆ తేడాకు పబ్లిషర్ సోనీకి పరిహారం కట్టాలి. మీ హాల్లో సినిమా చూసి బయట బండి మీద మిరపకాయ బజ్జీలు తిన్నందుకు, ఆ బజ్జీల డబ్బులో థియేటర్ వాటా అడగడం లాంటిదది.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద తగాదా. 2022 జనవరి 18న మైక్రోసాఫ్ట్ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. యాక్టివిజన్‌వారి కాల్ ఆఫ్ డ్యూటీ గేమ్ శత్రువు చేతికి పోతుందని సోనీ దేశదేశాల అధికారుల దగ్గర మొరపెట్టుకుంది. 2023 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో విచారణ జరిగింది. మామూలుగా మాలాంటివాళ్ల కంటపడని విషయాలు ఆ వారం రోజుల్లో బయటకు వచ్చాయి. సోనీ సమర్పించిన ఒక పత్రంలో రహస్య అంకెలను ఎవరో నల్ల మార్కర్ పెన్నుతో కొట్టేశారు. స్కాన్ చేస్తే సిరా కింది నుంచి అంకెలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం ఆఫీసులో తెర వెలుతురు పూర్తిగా పెంచి, ఆ నల్ల గీతల కింద ఏముందో అందరం తలలు వంచి చదివిన మాట ఒప్పుకోవాలి. సోనీ సొంత గేమ్ ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగం తయారీకి 22 కోట్ల డాలర్లు. హొరైజన్ రెండో గేమ్‌కు 21 కోట్ల 20 లక్షలు. పది లక్షల మంది దాకా ప్లేస్టేషన్ యజమానులు కాల్ ఆఫ్ డ్యూటీ తప్ప మరేదీ ఆడరు.

ఆఖరి వాక్యం మరోసారి చదవండి. అంటే ఆ పది లక్షల మందికి ప్లేస్టేషన్ అంటే కాల్ ఆఫ్ డ్యూటీ పెట్టుకునే పెట్టె మాత్రమే. వాళ్లు సోనీ మనుషులు కారు. సోనీ భయమంతా ఆ వాక్యంలో ఉంది. అదే విచారణలో మైక్రోసాఫ్ట్ అధికారి సారా బాండ్ మరో సంగతి చెప్పారు. కొత్త ఎక్స్‌బాక్స్ వచ్చే ముందు, మామూలు 70-30 పంపకానికి మించి ఇవ్వకపోతే కాల్ ఆఫ్ డ్యూటీ ఎక్స్‌బాక్స్‌కు రాదని కోటిక్ స్పష్టంగా చెప్పారట. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. అంటే 30 శాతం అనేది శిలాశాసనం కాదు, మీకూ నాకూ మాత్రమే శిలాశాసనం. చివరకు 2023 జూలైలో సోనీ కూడా ఆ గేమ్ కోసం మైక్రోసాఫ్ట్‌తో పదేళ్ల ఒప్పందం చేసుకుంది, అక్టోబర్ 13న కొనుగోలు పూర్తయింది.

అంత ఖర్చుపెట్టి కొన్నాక మైక్రోసాఫ్ట్‌కు ఏమైందంటే, కన్సోల్ సంస్థ కన్నా పబ్లిషర్ బుద్ధి ఎక్కువైంది. తన గేములను ఒక్కొక్కటిగా ప్లేస్టేషన్‌కు ఇస్తోంది. ఎక్స్‌బాక్స్‌కు ముఖమైన హేలో గేమ్‌నే 2026లో ప్లేస్టేషన్ 5కు తెస్తామని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. ఇరవై ఏళ్లకు పైగా గేటు దగ్గర సుంకం వసూలుచేసిన సంస్థ ఇప్పుడు పక్కవాడి గేటు దగ్గర సుంకం కడుతోంది. గచ్చిబౌలిలో మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే నా మిత్రుడొకరు ఈ మాట ఎత్తితే వెంటనే బిల్లు తెమ్మంటాడు.

ఇక మీ షరతు. ఏడాదిపాటు ఒకే కన్సోల్‌కు కట్టుబడటం తప్పని నేను అనను. అమ్ముతున్నది ఏమిటో తెలుసుకుని అమ్మండి. స్క్వేర్ ఎనిక్స్ అంతటి సంస్థ తన పెద్ద ఫైనల్ ఫాంటసీ గేములను వరసగా ప్లేస్టేషన్‌కే పరిమితం చేసి, 2024 మేలో ఇక అన్ని వేదికలకూ గట్టిగా వెళ్తామని ప్రకటించుకుంది. గేమ్ గురించి జనం మాట్లాడుకునేది విడుదలైన మొదటి నెలే. ఏడాది తర్వాత మిగతా కన్సోళ్లకు వెళ్తే అది మూడో వారంలో సెకండ్ రిలీజ్ థియేటర్‌కు వచ్చిన సినిమా. కాబట్టి ఆ ఏడాదికి వచ్చే మినిమం గ్యారంటీ మీ తయారీ ఖర్చు మొత్తాన్ని కప్పుతుందా చూడండి. కప్పితే సంతకం పెట్టవచ్చు. సగమే కప్పితే ఏడాదిని మూడు నెలలకు కుదించమనండి. ఆ షరతు కన్సోల్ సంస్థ పెట్టిందా, పబ్లిషరే పెట్టాడా అని కూడా అడగండి. కన్సోల్ సంస్థ పెట్టి ఉంటే, దానికి పబ్లిషర్‌కు డబ్బు ముట్టి ఉంటుంది. అందులో మీ వాటా ఎంత? ఈ ప్రశ్న వేసినప్పుడు వీడియో కాల్‌లో అవతలివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే మీకు జవాబు వచ్చినట్లే.

పబ్లిషర్ లేకుండా నేరుగా వెళ్లే దారి కూడా ఉంది. ఎక్స్‌బాక్స్‌కు 2013 నుంచి చిన్న స్టూడియోలు సొంతంగా విడుదల చేసుకునే పథకం నడుస్తోంది. సోనీ 2023లో ప్రకటించిన ఇండియా హీరో ప్రాజెక్టు మన దేశపు స్టూడియోలను ఎంచుకుని డబ్బు, సలహాలు ఇస్తోంది. దరఖాస్తు పెట్టండి, పోయేదేమీ లేదు. అయితే నేరుగా వెళ్తే కన్సోల్ సంస్థ పరీక్షలన్నీ మీ నెత్తినే పడతాయి.

ఆ పరీక్షలంటే ఏమిటో నా అనుభవం ఒకటి చెబుతాను. 2016లో మేం ఎనిమిది మందిమి కొండాపూర్‌లో ఒక గేమ్‌ను కన్సోల్‌కు మారుస్తున్నాం. దసరా ముందు పరీక్షకు పంపేశాం, దీపావళికి డబ్బు వస్తుందని లెక్క. బతుకమ్మ మరుసటి రోజు నివేదిక వచ్చింది, ఫెయిల్. కారణం ఒక్క మాట. ప్రతి కన్సోల్ సంస్థ తన జాయ్‌స్టిక్‌ను, దాని మీది మీటలను ఏ పేరుతో పిలవాలో అక్షరం పొల్లుపోకుండా చెబుతుంది. మా గేమ్‌లో జర్మన్ భాషలో, అదీ ఆట లోడ్ అవుతున్నప్పుడు రెండు సెకన్లు కనిపించే చిట్కాలో, పోటీ సంస్థ వాడే పేరు ఉండిపోయింది. మాలో ఎవరికీ జర్మన్ రాదు. సరిచేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మళ్లీ పరీక్ష వరసలో మా వంతు రావడానికి మూడు వారాలు. ఆలస్యానికి పబ్లిషర్ మా బిల్లులో కోత పెట్టాడు. ఆ కోత గురించి పబ్లిషర్‌ను అడిగితే కన్సోల్ సంస్థను అడగమన్నాడు, కన్సోల్ సంస్థకు మేమెవరమో తెలియదు. పెద్దవాళ్ల తగాదాలో చిన్నవాడి చోటు అదే. అందుకే మీ ఒప్పందంలో, పరీక్షలో మొదటిసారి తప్పితే జరిమానా ఉండదని, అనువాదాల తప్పులు ఎవరు చేయిస్తే వారివేనని రాయించుకోండి.

మిగతా రెండు మాటలు. మినహాయింపులకు ఒక పరిమితి అంకె పెట్టించండి. ప్రకటనల ఖర్చు అని రాసి వదిలేస్తే ఆ గొయ్యికి అడుగు ఉండదు. మీకు చెప్పకుండా సగం ధరకు, పావు ధరకు గేమ్‌ను తగ్గించి అమ్మే హక్కు ఇవ్వకండి. అన్నిటికన్నా ముఖ్యం, స్టోర్‌లో మీ గేమ్ పేజీ ఎవరి ఖాతాలో ఉంటుందో చూడండి. సాధారణంగా పబ్లిషర్ ఖాతాలో ఉంటుంది. ఒప్పందం ముగిసినప్పుడు ఆ పేజీ, దాని కింద జనం రాసిన అభిప్రాయాలు, గేమ్ కొనాలని గుర్తుపెట్టుకున్నవారి జాబితా మీకు బదిలీ చేయాలని ఇప్పుడే రాయించుకోకపోతే, మూడేళ్ల తర్వాత మీ గేమ్ మీదే అయినా దాన్ని ఆడేవాళ్లు మీవాళ్లు కారు. సోనీ, ఎపిక్‌ల మధ్య పేచీ వచ్చింది దీని కోసమే.

ముసాయిదా ఒప్పందం ఉంటే పంపండి, ఆదివారం కూర్చుని చదువుతాను. పబ్లిషర్ పేరు, అంకెలు కనిపించకుండా చేసి పంపండి. మార్కర్ పెన్నుతో మాత్రం వద్దు.